చిటికెన వేలి హునర్

కంప్యూటర్ ముందు కూర్చునే ఏ పిల్లనైనా, పిల్లాడినైనా అడగండి. కాపీకి ఏ కీ? కంట్రోల్-సీ. మరి పేస్టుకి? కంట్రోల్-వీ. ఎందుకు వీ? పేస్ట్ అనే మాట పీతో కదా మొదలయ్యేది? అక్కడ అందరూ ఖామోష్. కొంచెం హుషారైన వాళ్ళు ‘పీ ప్రింటుకి ఇచ్చేశారు చాచా’ అంటారు. జవాబు వినడానికి బాగానే ఉంది కానీ అసలు కథ అది కాదు.

మన ఇళ్ళల్లో డిగ్రీ పరీక్షలు కాగానే మూడు నెలల కంప్యూటర్ కోర్సులో చేరడం మామూలే. మొదటి వారంలోనే షార్ట్‌కట్‌ల పట్టీ ఒకటి జిరాక్స్ తీసి చేతిలో పెడతారు. పిల్లలు దాన్ని పహాడాల్లాగ రట్టా కొడతారు. ఇంటర్వ్యూ అయిపోగానే మర్చిపోతారు. నాకు ఈ రట్టా పద్ధతి మీద మొదటి నుంచీ నమ్మకం లేదు. పట్టీలో ఉన్న ప్రతి కీకి ఒక నసబ్ ఉంది, ఒక ఖాందాన్ ఉంది. ఎవరో ఒక పనిచేసే మనిషి వేళ్ళు నొచ్చితేనో, విసుగు పుడితేనో పుట్టింది అది. ఆ తవారీఖ్ తెలిస్తే కీ దానంతట అదే గుర్తుంటుంది.

అసలు షార్ట్‌కట్ అనేది కంప్యూటర్‌తో పుట్టిందే కాదు. హదీసు కితాబులు చూసిన వాళ్ళకు తెలుసు. ‘హద్దసనా’ (మాకు చెప్పారు) అనే మాట సనద్‌లో పదే పదే వస్తుంది. కాతిబులు దాన్ని ‘సనా’ అనో, ఇంకా కుదించి ‘నా’ అనో రాసేవారు. ‘అఖ్‌బరనా’ కాస్తా ‘అనా’ అయింది. ఒక సనద్ నుంచి ఇంకో సనద్‌కు మళ్ళే చోట ఒక్క ‘హా’ అక్షరం వేసి వదిలేసేవారు. మొఘల్ దఫ్తర్లలో, మన దక్కన్‌లో లెక్కలు రాసిన సియాఖ్ పద్ధతి కూడా ఇలాంటిదే. అరబీలో సంఖ్యల పేర్లను కుదించి కుదించి ఒక్కో గీతగా మార్చేశారు. తెలియని వాడికి అది కోడి కాళ్ళ గీతలు, మున్షీకి మాత్రం పైసాతో సహా లెక్క. జమా, ఖర్చు, బాకీ, రసీదు, దస్తావేజు, సిరస్తాదారు, ఈ మాటలన్నీ ఆ దఫ్తర్ల నుంచే తెలుగులోకి నడిచి వచ్చాయి.

అయితే ఒక చోట ఉలమా ఈ కుదింపును ఒప్పుకోలేదు. రసూలుల్లాహ్ పేరు వచ్చినప్పుడు రాసే దరూద్‌ను కొందరు మూడు నాలుగు అక్షరాలకు కుదించేవారు. 1245లో డమాస్కస్‌లో వఫాత్ అయిన ఇబ్నుస్సలాహ్, హదీసు శాస్త్రం మీద రాసిన తన ముఖద్దమాలో దీన్ని గట్టిగానే వద్దన్నారు. ఎన్నిసార్లు పేరు వస్తే అన్నిసార్లు పూర్తిగా రాయాలి, విసుగు పడకూడదు అన్నది ఆయన మాట. కాతిబ్ షార్ట్‌కట్‌లో ఉన్న ఖరాబీ అదే. చెయ్యి అలసిపోకుండా ఉండాలంటే మాటే చిన్నదైపోవాలి. ఇక్కడ ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇక మెషీన్ల జమానా. కంట్రోల్ అనే కీ కంప్యూటర్ కన్నా ముందు టెలీప్రింటర్ల మీద ఉండేది. పత్రికాఫీసుల్లో వార్తలు టకటకా కొట్టుకుంటూ వచ్చిన మెషీన్లు అవే. ఆ మెషీన్‌కు అక్షరం ఒకటి పంపితే కాగితం మీద అచ్చవుతుంది. కంట్రోల్ నొక్కి అదే అక్షరం పంపితే అచ్చు కాదు, హుకుం అవుతుంది. కంట్రోల్-జీ పంపితే అవతలి ఊళ్ళో మెషీన్‌లో నిజమైన గంట ఒకటి ఠంగుమనేది. మా సీనియర్లు చెప్పేవారు, జరూరీ ఖబర్ వచ్చినప్పుడు గంటలు మోగితే డెస్కులో అందరూ లేచి పరుగెత్తేవాళ్ళమని.

1978లో వర్డ్‌స్టార్ వచ్చింది. మైక్రోప్రో కంపెనీ కోసం రాబ్ బార్నబీ అనే ఆయన రాసిన ప్రోగ్రామ్ అది. అప్పటి కీబోర్డుల్లో చాలావాటికి బాణం కీలు లేవు. కంట్రోల్ కీ మాత్రం ఇప్పుడు క్యాప్స్‌లాక్ ఉన్న చోట, ఎడమ చిటికెన వేలి పక్కనే ఉండేది. అందుకని ఇ, ఎస్, డి, ఎక్స్ అనే నాలుగు కీలను తీసుకున్నారు. కీబోర్డు మీద అవి పతంగి ఆకారంలో ఉంటాయి. కంట్రోల్ పట్టుకుని ఇ కొడితే పై లైను, ఎక్స్ కొడితే కింది లైను, ఎస్ ఎడమకు, డి కుడికి. చెయ్యి కదలక్కర్లేదు. కానీ ఒక పేరా కాపీ చేయాలంటే మాత్రం, మొదట్లో కంట్రోల్-కే తర్వాత బి, చివర కంట్రోల్-కే తర్వాత మళ్ళీ కే, పెట్టాల్సిన చోటికి వెళ్ళి కంట్రోల్-కే తర్వాత సి. మన దగ్గర ఎనభైల చివర, తొంభైల మొదట్లో కంప్యూటర్ సెంటర్లలో వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ అని మూడూ కలిపి నేర్పేవారు. ఆ తరం వాళ్ళు కనిపిస్తే అడిగి చూడండి, ఈ కీలన్నీ ఇప్పటికీ వేళ్ళల్లోనే ఉంటాయి.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. పేరు లారీ టెస్లర్. 1945లో న్యూయార్క్‌లో పుట్టాడు. 1973లో కాలిఫోర్నియాలో జిరాక్స్ కంపెనీ వారి పరిశోధనా కేంద్రంలో చేరాడు. మన ఊళ్ళల్లో ఫొటోకాపీకి జిరాక్స్ అని పేరు పడింది కదా, ఆ కంపెనీయే. అక్కడ బ్రావో అనే రాత ప్రోగ్రామ్ ఒకటి తయారైంది. తెర మీద అక్షరాలు కాగితం మీద ఎలా వస్తాయో అలాగే కనిపించేవి, అప్పటికి అది కమాల్. కానీ దానికి రెండు స్థితులు. ఒక స్థితిలో మీరు కొట్టినవి అక్షరాలు, ఇంకో స్థితిలో అవే హుకుంలు. ఏ స్థితిలో ఉన్నామో మర్చిపోతే ఖల్లాస్. ‘ఎడిట్’ అనే మాట హుకుం స్థితిలో కొడితే ఏమయ్యేదో అప్పటి వాళ్ళు కథలు కథలుగా చెప్పుకుంటారు. ‘ఇ’ అంటే మొత్తం పట్టుకో. ‘డి’ అంటే తీసేయి. ‘ఐ’ అంటే ఇక్కడి నుంచి రాయడం మొదలు. మిగిలింది ‘టి’. ఇంతసేపు కష్టపడి రాసిన కాగితమంతా పోయి తెర మీద ఒక్క ‘టి’ మిగిలేది!

ఇంజనీర్లు దీనికి అలవాటు పడిపోయారు. పైగా ఇలా గుర్తు పెట్టుకోవడమే ఇల్మ్ అనుకున్నారు. టెస్లర్ ఒప్పుకోలేదు. అతను చేసిన పని నాకు చాలా నచ్చుతుంది. కంప్యూటర్ గురించి ఏమీ తెలియని, కొత్తగా చేరిన సెక్రటరీ ఒకామెను ఖాళీ తెర ముందు కూర్చోబెట్టాడు. ‘ఈ కాగితంలో దిద్దుబాట్లు ఉన్నాయి, ఇది తెర మీద ఉందనుకోండి, మీరైతే ఎలా చేస్తారు?’ అని అడిగాడు. ఆమె సహజంగా ఏం చెప్పిందో అది రాసుకున్నాడు. ఎక్కడ మాట చేర్చాలో అక్కడ వేలు పెట్టి రాస్తాను, తీసెయ్యాల్సిన దాని మీద గీత గీస్తాను, ఇలాంటి మాటలు. స్థితులూ లేవు, రహస్య హుకుంలూ లేవు. మెషీన్ ముందు ఒక మామూలు ఉద్యోగిని మాట గెలిచిన రోజు అది. కంప్యూటర్ తవారీఖ్ రాసేవాళ్ళు పెద్ద పెద్ద కంపెనీల మాలిక్‌ల గురించి రాస్తారు కానీ, నా లెక్కలో ఈ చిన్న గదిలో జరిగిందే పెద్ద సంగతి.

తర్వాత టెస్లర్, టిమ్ మాట్ అనే ఇంకొకతను కలిసి 1975 నాటికి జిప్సీ అనే ప్రోగ్రామ్ తయారు చేశారు. అది ఎవరి కోసం? జిరాక్స్‌కే చెందిన గిన్ అనే పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థ కోసం. అక్కడి ఎడిటర్లు కాగితాన్ని కత్తెరతో కత్తిరించి, ఇంకో చోట గమ్ముతో అతికించి దిద్దుకునేవారు. కట్, పేస్ట్ అనే మాటలు ఆ బల్ల మీద నుంచే కంప్యూటర్‌లోకి వచ్చాయి. ఎడిటర్ల భాష మెషీన్ నేర్చుకుంది, ఎడిటర్లు మెషీన్ భాష నేర్చుకోలేదు. టెస్లర్‌కు ఈ స్థితుల మీద ఎంత చిరాకంటే, తన కారు నంబర్ ప్లేటు మీద కూడా ‘నో మోడ్స్’ అని రాయించుకున్నాడు.

1980లో టెస్లర్ యాపిల్ కంపెనీకి మారాడు. అక్కడ 1983లో లీసా అనే కంప్యూటర్ వచ్చింది. ధర 9,995 డాలర్లు, కొనేవాళ్ళు లేక పోయింది. కానీ దాని కీబోర్డు మీద కింది వరుసలో ఎడమ వైపున్న నాలుగు కీలు ఉండిపోయాయి. జెడ్, ఎక్స్, సి, వి. టెస్లరే చెప్పిన వివరం ఇది. ఎక్స్ అంటే కొట్టివేత గుర్తు, కట్‌కు అది. సి అంటే కాపీ, అందులో చెప్పేదేం లేదు. వి ఎందుకంటే, ప్రూఫు దిద్దేవాళ్ళు మాట చేర్చాల్సిన చోట కింద వేసే టోపీ గుర్తును తలకిందులు చేస్తే వి అవుతుంది. ఇక్కడ పెట్టు అని కిందికి చూపిస్తున్న వేలులాగ ఉంటుంది. పైగా సి పక్కనే. మరి జెడ్? వెళ్ళడం, వెనక్కి రావడం, మళ్ళీ వెళ్ళడం, అలా వంకర తిరిగిన ఆకారం దానిది. చేసిన పని వెనక్కి తీసుకోవడానికి అది సరిపోయింది. ఇదీ మనం మొదట్లో అడిగిన సవాల్‌కు జవాబు. ప్రూఫ్ రీడర్ గుర్తు అది, అందుకే పీ కాదు. 1984లో మెకింటోష్ వచ్చినప్పుడు ఈ నాలుగూ అలాగే వచ్చాయి.

ఐబీఎం వాళ్ళు వేరే దారి పట్టారు. 1987లో వాళ్ళు తమ ప్రోగ్రాములన్నిటికీ ఒకే ఖాయిదా రాశారు. అందులో కట్‌కు షిఫ్ట్-డిలీట్, కాపీకి కంట్రోల్-ఇన్సర్ట్, పేస్టుకు షిఫ్ట్-ఇన్సర్ట్. విండోస్ మొదట్లో వీటినే పట్టుకుంది. 1992 నాటి విండోస్ 3.1 కాలానికి ఎక్స్, సి, వి వచ్చి చేరాయి. పాతవాటిని మాత్రం తీసెయ్యలేదు. ఇప్పుడే మీ వర్డ్‌లో షిఫ్ట్ పట్టుకుని ఇన్సర్ట్ కొట్టి చూడండి, పేస్ట్ అవుతుంది. వి కీ అరిగిపోయిన పాత కీబోర్డులున్న చోట ఇది చాలా పనికొస్తుంది.

లెక్కల వాళ్ళ ఖాందాన్ ఇంకోటి. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ కలిసి విజీకాల్క్ చేశారు. పర్సనల్ కంప్యూటర్ల మీద గళ్ళ కాగితం లాంటి మొదటి ప్రోగ్రామ్ అది. హుకుం ఇవ్వాలంటే ముందు ఏటవాలు గీత కొట్టాలి. 1983లో వచ్చిన లోటస్ అదే గీతను తీసుకుంది. గడిలో ఉన్నది దిద్దడానికి ఎఫ్2, గడి చిరునామా కదలకుండా బిగించడానికి ఎఫ్4, ఫలానా గడికి వెళ్ళడానికి ఎఫ్5. ఎక్సెల్ వచ్చాక అకౌంటెంట్లు లోటస్ వదిలి రావాలంటే వాళ్ళ వేళ్ళు ఒప్పుకోవాలి కదా? అందుకే ఎక్సెల్‌లో నేటికీ ఎఫ్2 దిద్దుతుంది, ఎఫ్4 బిగిస్తుంది, ఏటవాలు గీత కొడితే పైన మెనూ మేలుకుంటుంది. 2007లో మైక్రోసాఫ్ట్ పాత మెనూలన్నీ తీసేసి కొత్త పట్టీ పెట్టింది. కానీ ఆల్ట్ కొట్టి వరసగా ఇ, ఎస్, వి కొడితే ఫార్ములా వదిలేసి విలువలు మాత్రమే అతికించే కిటికీ ఇప్పటికీ తెరుచుకుంటుంది. లేని మెనూకు దారి అది! జిద్దాలో, దుబాయ్‌లో లెక్కలు రాసే మన వాళ్ళల్లో చాలామందికి ఆ మెనూ ఎలా ఉండేదో కూడా తెలియదు, దారి మాత్రం తెలుసు.

ఇంతవరకూ చెప్పింది ఇంగ్లీషు వేళ్ళ కథ. మన వేళ్ళ కథ వేరే.

నేను ఉర్దూ మీడియం బడిలో చదివే రోజుల్లో సాలానా జల్సా పోస్టర్లు మొహల్లాలోని కాతిబ్ సాబ్ రాసేవారు. తప్పు వస్తే బ్లేడుతో గీకడం, అదీ కుదరకపోతే చిన్న ముక్క కత్తిరించి దాని మీద అతికించడం. కట్, పేస్ట్ ఆయన దగ్గర నిజంగానే కత్తి, గమ్ము. నస్తాలీఖ్‌ను మెషీన్ ఎక్కించడం ఎవరి వల్లా కాలేదు. అందులో అక్షరం పక్క అక్షరాన్ని బట్టి ఆకారం మారుతుంది, మాట పైనుంచి కిందికి జారుతూ వస్తుంది. చివరికి పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ అనే ఆయన దాదాపు 20,000 జోడింపులను ఒక్కొక్కటిగా చేతితో రాశాడు. మోనోటైప్ కంపెనీ వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. అదే నూరీ నస్తాలీఖ్. 1981లో జంగ్ పత్రిక లాహోర్ ఎడిషన్ దానితోనే మొదలైంది. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చింది. దానితో ఆ అక్షరాలు గల్లీలోని డీటీపీ సెంటర్ దాకా వచ్చేశాయి. చెన్నైలో 1927 నుంచి వస్తున్న ‘ది ముసల్మాన్’ లాంటి పత్రిక ఒకటి చేతిరాతను పట్టుకుని ఉండి దునియా అంతా పేరు తెచ్చుకుంది. మిగతా చోట్ల కాతిబుల బల్లలు ఖాళీ అయ్యాయి. ఏళ్ళ తరబడి మష్ఖ్ చేసి సంపాదించుకున్న హునర్‌కు రోజీ లేకుండా పోయింది. ఇంకో పక్క, ఇంట్లో కూర్చుని ఇన్‌పేజ్‌లో మదర్సా కితాబులు టైపు చేసి పిల్లల ఫీజులు కట్టిన ఆపాలూ నాకు తెలుసు. నష్టం ఒకరిది, లాభం ఇంకొకరిది. ఒకరి పేరు చెప్పి ఇంకొకరిని మరిపించడం న్యాయం కాదు.

ఉర్దూ ఫొనెటిక్ కీబోర్డులో ‘టి’ కొడితే ‘తే’, షిఫ్ట్ పట్టి కొడితే ‘టే’. ‘డి’ కొడితే ‘దాల్’, షిఫ్ట్‌తో ‘డాల్’. 1986లో భారత ప్రభుత్వం ప్రామాణికం చేసిన ఇన్‌స్క్రిప్ట్‌లో కూడా ఇలాంటి అక్కల్ ఉంది. ‘క’ ఉన్న కీకి షిఫ్ట్ కలిపితే ‘ఖ’, ‘ప’కు కలిపితే ‘ఫ’. అల్పప్రాణానికి షిఫ్ట్ ఊపిరి పోస్తుందన్నమాట. తెలుగు పండితుడెవరో పక్కన కూర్చుని చెప్పినట్టే ఉంటుంది. అయినా మన డీటీపీ భాయీలు ఎక్కువమంది అను ఫాంట్ల కీబోర్డుకే అలవాటు పడ్డారు. ముందు నేర్చిన వేలు తర్వాతి ఖాయిదా వినదు.

కానీ అసలు తకలీఫ్ ఇంకోటి ఉండేది. కంట్రోల్-సీ కొట్టి తెలుగు వార్తను పేజ్‌మేకర్ నుంచి ఇంకో దాంట్లోకి కంట్రోల్-వీ కొడితే పిచ్చి గీతలు వచ్చేవి. ఇన్‌పేజ్ నుంచి ఉర్దూ తీసుకెళ్ళినా అదే హాల్. కంప్యూటర్ లోపల అవి తెలుగూ కావు, ఉర్దూ కావు, వేషం వేసుకున్న ఇంగ్లీషు అక్షరాలు. ఒక ఉర్దూ ఖబర్‌ను, దాని తెలుగు తర్జుమాను ఒకే కాగితం మీద పెట్టాలంటే రెండూ వేరువేరుగా ప్రింటు తీసి, కత్తిరించి, అతికించి జిరాక్స్ తీయడమే. టెస్లర్ తీసేసిన కత్తెర మన బల్లల మీద ఇంకో ఇరవై ఏళ్ళకు పైగా ఉండిపోయింది. 1991లోనే యూనికోడ్ మొదటి రూపంలో తెలుగుకూ, అరబీ లిపికీ జాగా ఇచ్చారు. విండోస్‌లో తెలుగు సరిగ్గా కనిపించడానికి 2001లో ఎక్స్‌పీ, దానితో గౌతమి ఫాంట్ రావాల్సి వచ్చింది. నస్తాలీఖ్ ఫాంట్ ఒకటి విండోస్‌తో పాటే రావడానికి 2012 దాకా ఆగాం. వేళ్ళు మనవైనా, కీ వెనక నమూనాగా చూసిన వేళ్ళు మనవి కావు మరి.

సరే, ఇప్పుడున్న వాటిలో రెండు లిపులు రాసే ఇళ్ళకు పనికొచ్చేవి చెప్తాను. విండోస్‌లో తెలుగు, ఉర్దూ కీబోర్డులు రెండూ చేర్చుకోండి. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి కొడితే ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతుంది. వర్డ్‌లో ఉర్దూ పేరా ఎడమ నుంచి మొదలై చివరి ఫుల్‌స్టాప్ తప్పు వైపుకు దూకితే చాలామంది స్పేసులు కొట్టి నెడుతుంటారు. అక్కర్లేదు. కంట్రోల్ పట్టుకుని కుడి వైపు షిఫ్ట్ కొట్టండి, పేరా కుడి నుంచి ఎడమకు మళ్ళుతుంది. ఎడమ షిఫ్ట్ కొడితే తెలుగు దారికి వస్తుంది. పట్టీలో ఉండే షిఫ్ట్-ఎఫ్3ని మాత్రం వదిలేయండి. చిన్నబడి పెద్దబడి అక్షరాలు మార్చే కీ అది. మన రెండు లిపుల్లోనూ ఆ తేడానే లేదు. ఎఫ్4 నేర్చుకోండి, వర్డ్‌లో అది చివర చేసిన పనినే మళ్ళీ చేస్తుంది.

ఇప్పుడు ఇబ్నుస్సలాహ్ మాట గుర్తు చేసుకోండి. వర్డ్‌లో ఎఫ్, డి, ఎఫ్, ఎ అని ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు కొట్టి, వెంటనే ఆల్ట్ పట్టుకుని ఎక్స్ కొట్టండి. ఆ నాలుగు అక్షరాలు మాయమై ‘సల్లల్లాహు అలైహి వసల్లం’ పూర్తి దరూద్, గుండ్రటి అందమైన రాతలో వచ్చేస్తుంది. చివరి ఎ బదులు డి కొడితే పూర్తి బిస్మిల్లా. అరబీ ఉన్న ఫాంట్ మాత్రం కావాలి. వేలి మెహనత్ తగ్గింది, రాసిన మాట తగ్గలేదు. సీరత్ మీద తెలుగులో రాసే భాయీలు ఇంకా బ్రాకెట్లో ‘స’ అని పెట్టి వదిలేస్తున్నారు, వాళ్ళకు ఈ కీ చేరవేయండి. దీన్ని ఆటోకరెక్ట్‌లో పెట్టుకుంటే ఇంకా తేలిక. మీకు నచ్చిన రెండు మూడు అక్షరాలు కొడితే చాలు.

ఇదే ఆల్ట్-ఎక్స్ వెనక్కి కూడా పనిచేస్తుంది. ఏ అక్షరం వెనకైనా కర్సర్ పెట్టి కొడితే యూనికోడ్‌లో దాని నంబర్ చూపిస్తుంది. అలిఫ్ వెనక కొట్టండి, 0627 వస్తుంది. తెలుగు ‘అ’ వెనక కొడితే సున్నా, సి, సున్నా, ఐదు. ఇంకోసారి కొడితే అక్షరం తిరిగి వచ్చేస్తుంది.